అమ్మానాన్నలతో పూన్ హిల్: ఘోరేపానీలో రెండో రాత్రి ఎందుకు ఉండాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి నలుగురు బయలుదేరుతున్నారు: మీరు, మీ చెల్లెలు, అరవైకి దగ్గరపడుతున్న అమ్మానాన్న. ఏప్రిల్ మొదట్లో పది రోజుల సెలవు ఉంది. అమ్మగారు టెంటులో పడుకోలేరు కాబట్టి దారి పొడవునా లాడ్జిలు ఉండాలి. నాన్నగారికి బీపీ ఉంది, మందులతో అదుపులో ఉంది. పశ్చిమ బెంగాల్, నేపాల్ సరిహద్దులోని సందక్‌ఫూ ట్రెక్ మంచిదా, నేపాల్‌లో అన్నపూర్ణ శిఖరాలు కనిపించే పూన్ హిల్ కొండ ట్రెక్ మంచిదా, ట్రెకింగ్ ఏజెన్సీ వాళ్లు పూన్ హిల్‌కు ఇచ్చిన మూడు రాత్రుల ప్లాన్ ఒప్పుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

పూన్ హిల్‌కే వెళ్లండి. ఆ ప్లాన్ మాత్రం ఒప్పుకోవద్దు.

సందక్‌ఫూ గొప్ప చోటు, అందులో సందేహం లేదు. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు ఒకే వరసలో కనిపిస్తాయి. కాకపోతే అక్కడ లాడ్జి ఉన్నదే శిఖరం మీద, 3,636 మీటర్ల ఎత్తులో. రాత్రి పడుకోవడం అక్కడే. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువగా తెలిసేది నిద్రలోనే, ఎందుకంటే నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, ఒంట్లో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. పూన్ హిల్ ఎత్తు 3,210 మీటర్లే, పైగా అక్కడ గంటో రెండు గంటలో ఉండి దిగిపోతాం. పడుకునేది కింద ఘోరేపానీలో, 2,860 మీటర్ల దగ్గర. మొదటిసారి కొండలకు వస్తున్న, అరవై ఏళ్ల, బీపీ ఉన్న మనిషికి ఈ ఏడెనిమిది వందల మీటర్ల తేడా చాలా పెద్దది. ఇంకో సంగతి, ఈ దారిలో గంట గంటన్నర నడకకు ఏదో ఒక ఊరు తగులుతుంది. అమ్మగారికి అలసట వస్తే అనుకున్న చోటిదాకా నడవాల్సిన పని లేదు, ముందే ఆగిపోవచ్చు.

ఇప్పుడు ఏజెన్సీ ప్లాన్ సంగతి. మొదటి రోజు పోఖరా పట్నం నుంచి జీపులో ఉల్లేరి దాకా వెళ్లి, అక్కణ్నుంచి నడిచి సాయంత్రానికి ఘోరేపానీ చేరమంటున్నారు. రెండో రోజు నాలుగింటికి లేచి పూన్ హిల్ ఎక్కి, దిగి, టిఫిన్ చేసి, ఆ రోజే తాడాపానీ దాకా నడవమంటున్నారు. మూడో రోజు ఘాంద్రుక్, నాలుగో రోజు పోఖరా. పాతికేళ్ల కుర్రాళ్లు ఇలా చేస్తారు, బాగానే చేస్తారు. మీ ఇంట్లోవాళ్లకు ఇందులో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది.

మొదటిది, పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకు. పొద్దున అక్కడ టీ తాగి రాత్రికి 2,860 మీటర్ల దగ్గర పడుకోవడమంటే ఒక్క రోజులో రెండు వేల మీటర్లు ఎక్కినట్టు. ఎత్తు జబ్బు లక్షణాలు 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా రావచ్చు. రెండోది, ఆ రెండో రోజు. పూన్ హిల్‌కు 350 మీటర్లు చీకట్లో ఎక్కి, దిగి, మళ్లీ దేవరాలీ వైపు రిడ్జ్ మీదికి, అంటే కొండ వెన్ను మీదికి ఎక్కి, అడవిలో లోయ దాకా దిగి, చివర్లో తాడాపానీకి మళ్లీ నిటారుగా ఎక్కాలి. నిద్ర చాలని మోకాళ్లతో ఆరేడు గంటలు. ఈ దారిలో మోకాలు పట్టేసి, గైడ్ భుజం మీద చెయ్యేసుకుని దిగుతున్న పెద్దవాళ్లు కనిపించేది ఎక్కువగా ఈ రోజునే, మధ్యాహ్నం మూడు దాటాక.

అందుకని మీ పది రోజుల్ని నేనైతే ఇలా పంచుతాను. మొదటి రోజు ఢిల్లీ మీదుగా కాఠ్మాండూ. రెండో రోజు విమానంలో పోఖరా, ఆ మధ్యాహ్నం పర్మిట్ పని. మూడో రోజు జీపులో నయాపుల్ మీదుగా 1,540 మీటర్ల ఎత్తున్న తిఖేఢుంగా వెళ్లి, మెట్లెక్కి ఉల్లేరిలో ఆగడం. ఉల్లేరి రెండు వేల మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. నాలుగో రోజు బాన్‌ఠాంటి, నాంగేఠాంటి మీదుగా ఘోరేపానీ. ఐదో రోజు పూన్ హిల్ ఎక్కి వచ్చి ఘోరేపానీలోనే విశ్రాంతి. ఆరో రోజు తాడాపానీ, ఏడో రోజు ఘాంద్రుక్, ఎనిమిదో రోజు పోఖరా, తొమ్మిదో రోజు కాఠ్మాండూ, పదో రోజు ఇల్లు. పోఖరా నుంచి కాఠ్మాండూకూ, కాఠ్మాండూ నుంచి ఇండియాకూ ఒకే రోజు టికెట్లు తీయకండి. ఏప్రిల్‌లో పొగ వల్ల పోఖరా విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి.

ఐదో రోజు ఖాళీగా ఉందేమిటి, పోఖరాలో బోటింగ్‌కో కాఠ్మాండూలో పశుపతినాథుడి దర్శనానికో ఆ రోజు వాడుకోవచ్చు కదా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ రోజును వదులుకోకండి. ఈ సమాధానంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. ఘోరేపానీలో రెండు రాత్రులు ఉంటే మోకాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా సూర్యోదయానికి రెండో అవకాశం ఉంటుంది. మొదటి తెల్లవారుజామున మబ్బు పట్టి ఏమీ కనబడకపోతే, ఒక్క రాత్రి ప్లాన్ ఉన్నవాళ్లు దిగులుగా తాడాపానీ దారి పడతారు. మీరు మర్నాడు మళ్లీ చూడొచ్చు. అందుకు మళ్లీ పూన్ హిల్ ఎక్కాల్సిన పని కూడా లేదు. ఘోరేపానీ నుంచి తాడాపానీ వెళ్లే దారిలో గంట నడిచాక రిడ్జ్ మీద చెట్లు లేని గడ్డి మైదానం వస్తుంది, దాన్ని గురుంగ్ హిల్ అంటారు. ధౌళగిరి, అన్నపూర్ణ సౌత్ అక్కణ్నుంచి దాదాపు పూన్ హిల్‌లో కనిపించినట్టే కనిపిస్తాయి, జనం మాత్రం పదోవంతు ఉండరు. ఆరో రోజు పెందలాడే బయలుదేరితే మబ్బులు కమ్మేలోపు అక్కడ ఉంటారు.

పూన్ హిల్ నుంచి కుడివైపు మాఛాపుఛ్రే (6,993 మీటర్లు), అన్నపూర్ణ సౌత్ (7,219), ఎడమవైపు ధౌళగిరి (8,167) కనిపిస్తాయి. అన్నపూర్ణ ప్రధాన శిఖరం 8,091 మీటర్లున్నా, వెనక ఉండటం వల్ల ముందున్న అన్నపూర్ణ సౌత్ కన్నా చిన్నదిగా కనిపిస్తుంది. గైడ్‌ని అడిగి గుర్తుపట్టండి, లేకపోతే ఎనిమిది వేల మీటర్ల కొండను చూసి కూడా చూడనట్టే అవుతుంది. వెలుగు ముందుగా పడేది ఎత్తైన ధౌళగిరి కొస మీదే, కాబట్టి జనమంతా తూర్పుకు తిరిగి ఫోన్లు పట్టుకున్నప్పుడు మీరు పడమటికి తిరిగి నిలబడండి.

ఈ ట్రెక్‌లో మీ అమ్మానాన్నకు అసలు పరీక్ష ఎత్తు కాదు, మెట్లు. తిఖేఢుంగా నుంచి ఉల్లేరికి మూడు వేలకు పైగా రాతి మెట్లున్నాయి. అలిపిరి దారిలో మెట్లు 3,550 అంటారు కాబట్టి లెక్క మీకు తెలుస్తుంది. తేడా ఏమిటంటే అలిపిరి మెట్లు ఒక కొలతలో, నున్నగా, పైన కప్పుతో ఉంటాయి. ఉల్లేరి మెట్లు చేత్తో పేర్చిన పలకరాళ్లు, ఒకటి జానెడు ఉంటే పక్కది మోకాలెత్తు ఉంటుంది. మీకు ఇంకా రెండు మూడు నెలల టైముంది, ఈలోపు అందరూ ఒకసారి అలిపిరి నుంచి తిరుమలకు నడవండి. మొక్కు ఉన్నా లేకున్నా. మనవాళ్లు నడిచి ఎక్కి బస్సులో దిగుతారు, మీరు మాత్రం దిగడం కూడా నడిచే దిగండి, వీపున నాలుగైదు కిలోల బ్యాగుతో. మర్నాడు పొద్దున్న మంచం దిగినప్పుడు అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో అడిగితే మీకు కావాల్సిన సమాధానం దొరుకుతుంది. మామూలు నొప్పులైతే పర్వాలేదు. మోకాలు వాచినా, కీలు లోపల పోటు వచ్చినా తిఖేఢుంగాలో నడక మొదలుపెట్టకండి, జీపులో నేరుగా ఉల్లేరి వెళ్లి ఆ రాత్రి అక్కడే ఆగండి. మూడు వేల మెట్లు తప్పిపోతాయి, ఎత్తుకు అలవాటు పడే రాత్రి మాత్రం మిగులుతుంది. మిగతా రోజుల్లో అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మానేసి మెట్లు ఎక్కి దిగితే చాలు. పార్కులో చదును నేల మీద వాకింగ్ ఎంత చేసినా ఈ దారికి పెద్దగా పనికిరాదు.

దిగడం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. తాడాపానీ నుంచి ఘాంద్రుక్‌కు రెండు మూడు గంటల్లో 650 మీటర్లకు పైగా దిగుతారు. ప్రతి మెట్టుకూ ఒంటి బరువంతా ముందు మోకాలి మీద పడుతుంది. పెద్దవాళ్లిద్దరికీ రెండేసి ట్రెకింగ్ కర్రలు తప్పనిసరి. పోఖరా లేక్‌సైడ్‌లో అద్దెకూ దొరుకుతాయి. చదును నేల మీద నిలబడి మోచేయి లంబకోణంలో ఉండేలా కర్ర పొడవు పెట్టుకోవాలి, దిగేటప్పుడు ఇంకో అరజానెడు పెంచాలి. ముందు రెండు కర్రలూ కింది మెట్టు మీద ఆనించి, బరువు చేతుల్లోకి తీసుకుని, తర్వాతే కాలు దించాలి. ఎత్తు మెట్టు వస్తే పక్కకు తిరిగి దిగాలి. బయలుదేరే ముందు రోజు కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి తగిలి తగిలి గోళ్లు నల్లబడతాయి, కొన్నాళ్లకు ఊడిపోతాయి కూడా. దిగడం మొదలయ్యే చోట ఆగి, మడమను బూటు వెనక్కి గట్టిగా నెట్టి, చీలమండ దగ్గర లేసు మళ్లీ బిగించుకుంటే సగం బాధ తప్పుతుంది. బూట్లు కొత్తవైతే ఇప్పటినుంచే తొడుక్కుని తిరగండి.

ఈ మెట్ల మీద కంచరగాడిదల గుంపులు ఎదురొస్తాయి, గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు మోసుకుంటూ. మెడగంటల చప్పుడు ముందే వినబడుతుంది. వినబడగానే కొండ వైపు గోడకు ఆనుకుని నిలబడాలి. లోయ వైపు అసలు నిలబడకూడదు, వాటి వీపు మీది బస్తా తగిలితే అవి ఆగవు, పడేది మనమే. వీడియో తీసే హడావిడిలో చెల్లెలు ఇది మర్చిపోకుండా చూడండి.

లాడ్జి అంటే మన ఊళ్ల లాడ్జి అనుకోకండి. చెక్క గది, రెండు మంచాలు, పరుపు, దుప్పటి, ఒక బల్బు. గోడ పలుచని ప్లైవుడ్, పక్క గదిలో దగ్గితే మన గదిలో వినబడుతుంది. గది అద్దె తక్కువే, కానీ రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అక్కడే తినాలన్నది అక్కడి పద్ధతి, ఎందుకంటే వాళ్ల బతుకు ఆ వంటింటి మీదే. వేడినీళ్ల స్నానానికి, చార్జింగ్‌కి, వైఫైకి చాలా చోట్ల విడిగా తీసుకుంటారు. ఎత్తు పెరిగేకొద్దీ ధరలూ పెరుగుతాయి, బేరం ఆడకండి, అక్కడికి చేరిన ప్రతి గింజా ఒక మనిషో ఒక మూగజీవమో మోసుకొచ్చినదే. ఘోరేపానీలో, ఘాంద్రుక్‌లో అటాచ్డ్ బాత్రూమ్, వెస్టర్న్ కమోడ్ ఉన్న గదులు దొరుకుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు, గైడ్‌తో ముందే ఫోన్ చేయించండి. తాడాపానీలో అంత వసతి ఉంటుందని ఆశపడొద్దు.

భోజనం విషయంలో మనవాళ్లకు దిగులక్కర్లేదు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, కూర, పచ్చడి, అప్పడం. అన్నం, పప్పు అడిగినకొద్దీ మళ్లీ వడ్డిస్తారు. కంది పొడో మాగాయో చిన్న డబ్బాలో తీసుకెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్లు కోదో అనేది మన రాగులే, దాంతో చేసే ఢిండో మన సంకటే, నాన్నగారికి తప్పకుండా తినిపించండి. ఆర్డర్ మాత్రం లాడ్జికి చేరగానే ఇచ్చేయండి, నలుగురూ ఒకటే చెప్పండి. ఒకే పొయ్యి మీద నాలుగు రకాలు వండాలంటే రాత్రి తొమ్మిదవుతుంది. సాయంత్రం అందరూ భోజనాల గదిలో బుఖారీ చుట్టూ చేరతారు. బుఖారీ అంటే కట్టెలు వేసే ఇనప పొయ్యి. ఘోరేపానీలో ఎక్కువగా మగర్లు, ఘాంద్రుక్‌లో గురుంగ్‌లు. ఆ ఇళ్ల నుంచి తరతరాలుగా గూర్ఖా పటాలాల్లో చేరినవాళ్లున్నారు, ఇండియన్ ఆర్మీలో పనిచేసి పెన్షన్ మీద ఇంటికొచ్చిన పెద్దాయన మీ బల్ల దగ్గరే కూర్చుని ఉండొచ్చు. హిందీ చాలామందికి తెలుసు. లాడ్జి ఆవిణ్ని దీదీ అనండి, ఆయన్ని దాయి అనండి.

నీళ్లు మరిగించినవే తాగండి, లేదా క్లోరిన్ మాత్రలు వేసుకోండి. ప్లాస్టిక్ బాటిళ్లు కొనకండి, అక్కడ చెత్త ఎత్తే మున్సిపాలిటీ లారీ రాదు.

ఆరోగ్యం. వెళ్లే ముందు నాన్నగారిని డాక్టర్‌కి చూపించి, ఎత్తు, రోజుకు ఎన్ని గంటల నడక అన్నవి చెప్పి అడగండి. బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటే ఒంట్లో నీరు తగ్గే ప్రమాదం ఉంది, అది ప్రత్యేకంగా అడగాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా కూడా ఆయనే చెప్పాలి, స్నేహితుడు వేసుకున్నాడని వేసుకోకూడదు. మందులు రెండు సెట్లు పెట్టుకోండి, ఒకటి పోర్టర్ మోసే బ్యాగులో, ఒకటి మీ దగ్గర. ఘోరేపానీలో తలనొప్పి వస్తే నీళ్లు తాగి పడుకుంటే చాలాసార్లు తగ్గుతుంది. తలనొప్పికి తోడు వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే ఇంక ఎక్కకూడదు. తూలుతూ నడుస్తున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మాట తేడాగా ఉన్నా రాత్రయినా సరే కిందికి దిగాలి. ఉల్లేరి దాకా దిగితే జీపు ఉంటుంది. మొదటి రాత్రి రక్సీ, అంటే అక్కడి నాటుసారా, రుచి చూద్దామని ఎవరైనా అంటే నవ్వి తప్పించుకోండి, నిద్రమాత్రలూ వద్దు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ట్రెకింగ్ వర్తిస్తుందా, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా అని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కంపెనీ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయకుండా హెలికాప్టర్‌కి ఒప్పుకోకండి. అక్కర్లేని రెస్క్యూలతో బిల్లులు వేసిన వ్యవహారం మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది.

ఏప్రిల్ మొదటి వారం పూల కాలం. ఘోరేపానీ చుట్టూ, తాడాపానీ దారిలో అడవంతా లాలీగురాస్ చెట్లు, అంటే రోడోడెండ్రాన్లు, నేపాల్ జాతీయ పుష్పం. ఇళ్లంత ఎత్తు చెట్లు ఎర్రగా పూస్తాయి. మే సెలవుల దాకా ఆగితే ఆ పూలు చాలావరకు రాలిపోతాయి. కానీ ఒక నిజం చెప్పాలి. మార్చి, ఏప్రిల్‌లలో నేపాల్ అడవుల్లో నిప్పు రేగుతుంది, ఆ పొగ లోయల్లో నిలిచిపోయి కొండలు మసకబారతాయి. వాన పడితే మర్నాడు కడిగినట్టుంటుంది. శిఖరాలు తేటగా చూడటమే ముఖ్యమైతే అక్టోబర్ చివర, నవంబర్ మేలు. అప్పుడైతే మన దసరా సెలవుల్లో మాత్రం వద్దు. నేపాల్‌లో దశైం అతి పెద్ద పండుగ, బస్సులు కిక్కిరిసిపోతాయి, లాడ్జిల్లో పనివాళ్లు సొంతూళ్లకు వెళ్తారు. ఏప్రిల్‌లోనూ మధ్యాహ్నం దాటితే ఉరుములు, వడగళ్లు మామూలే. ఏడింటికల్లా నడక మొదలుపెట్టి రెండింటికి లాడ్జిలో ఉండండి. రాత్రుళ్లు ఘోరేపానీలో సున్నాకు దగ్గరగా పడుతుంది, పూన్ హిల్ మీద గాలి తోడవుతుంది. డౌన్ జాకెట్, టోపీ, గ్లవుజులు, హెడ్‌ల్యాంప్, రెయిన్‌కోట్ నలుగురికీ ఉండాలి. కాటన్ బనియన్లు చెమటకు తడిసి ఆరవు, త్వరగా ఆరే టీషర్టులు వేసుకోండి.

గైడ్ కావాలా అని అడిగారు. 2023 ఏప్రిల్ నుంచి ట్రెకర్లకు గైడ్ తప్పనిసరి అని నేపాల్ నియమం పెట్టింది, అమలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటోంది. నియమం లేకపోయినా మీకు గైడ్ కావాలి, ఇద్దరు పోర్టర్లు కూడా కావాలి. లైసెన్స్ కార్డు చూపించమనండి, తిండి, బస వాళ్ల కూలీలో కలిసి ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి. పోర్టర్‌కు ఇరవై కిలోలు దాటి పెట్టకండి. ఆయన బూట్లు, జాకెట్ సరిగ్గా ఉన్నాయో చూడటం మన బాధ్యతే.

అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం పర్మిట్‌కు మనలాంటి సార్క్ దేశాల వాళ్లకు 1,000 నేపాలీ రూపాయలు, పోఖరాలోనే తీసుకోవచ్చు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లడానికి పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి, మీ వయసువాళ్లకు, అమ్మానాన్నకు ఆధార్ చెల్లదు. ఇక్కడే చాలామంది ఎయిర్‌పోర్టులో ఆగిపోతారు. ఒక భారత రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. పోఖరాలో షాపుల్లో యూపీఐ క్యూఆర్ పనిచేస్తుంది, కొండ మీద దాన్ని నమ్ముకోవద్దు. తిండికీ గదికీ కలిపి మనిషికి రోజుకు మూడు నాలుగు వేల నేపాలీ రూపాయల లెక్కన నగదు పోఖరాలోనే మార్చుకుని పట్టుకెళ్లండి. మన 500 నోట్లు దారిలో తీసుకుంటారని అనుకోవద్దు.

ముందుగా బుక్ చేయాల్సినవి విమాన టికెట్లు, గైడ్, ఘోరేపానీలో రెండు రాత్రులకు గదులు. ఏప్రిల్ మొదట్లో అక్కడ రద్దీ ఎక్కువ. కాఠ్మాండూ నుంచి పోఖరా వెళ్లేటప్పుడు విమానంలో కుడివైపు సీట్లు అడగండి, కొండలు అటే. ఉల్లేరి, తాడాపానీ, ఘాంద్రుక్ గదులు గైడ్ ముందురోజు ఫోన్ చేసి చూసుకుంటాడు. అవి ఇప్పుడే డబ్బు కట్టి ఖాయం చేయకండి, ఎందుకంటే ఐదో రోజు సాయంత్రం అమ్మగారి మోకాళ్లు బాగాలేకపోతే మీరు తాడాపానీ వైపు వెళ్లకూడదు. వచ్చిన దారినే ఉల్లేరికి దిగి జీపెక్కి పోఖరా వచ్చేయాలి. అక్కణ్నుంచి బండి మీద ఘాంద్రుక్ దగ్గరిదాకా ఇప్పుడు రోడ్డుంది, మిగిలిన రోజుల్లో ఆ ఊరు చూసి ఒక రాత్రి ఉండి రావచ్చు. డాక్టర్ ఏమన్నారో, అలిపిరి నడక ఎలా జరిగిందో రాయండి, దాన్నిబట్టి రోజుల లెక్క మళ్లీ చూద్దాం.